నాలుగో నంబరు తోడు

తులసికి ఏ రోజైనా తెల్లారేది కూతురి మెడవంపు దగ్గరే. కళ్లు సరిగ్గా తెరవకముందే ముక్కు పనిలో పడేది. పక్కలో ఉన్న వెన్నెల జుట్టు పక్కకి తోసి, చెవి వెనకా మెడ కిందా గట్టిగా వాసన పీల్చేది. కొబ్బరినూనె, చెమట, నిద్ర. అంతే. అప్పుడు "అమ్మయ్య" అనుకుని లేచి పొయ్యి వెలిగించేది. ఐదేళ్లుగా ఒక్కరోజు తప్పలేదు.

ఆ బుధవారం "అమ్మయ్య" అనలేకపోయింది.

కొబ్బరినూనె అడుగున ఇంకో వాసన ఉంది. ఎలుకలు తిరిగిన పాత గోనెసంచి విప్పితే కొట్టే కంపు. సన్నగానే ఉంది. తులసి దుప్పటి వాసన చూసింది, తలగడ చూసింది, చాప ఎత్తి చూసింది. వాటికేమీ లేదు. మళ్లీ పిల్ల మెడ దగ్గరికి వచ్చింది. ఉంది.

"ఏవయ్యా! ఇట్టా రా. వచ్చి పిల్లని వాసన చూడు."

సాంబశివరావు అప్పటికే మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. తల తిప్పలేదు. "మొన్న గ్యాసు వాసనన్నావు. అంతకుముందు బిందెలో బల్లి పడిందని నీళ్లన్నీ పారబోశావు. పోయిన నెల దూలం విరిగి పడుద్దని ముగ్గురం పంచలో పడుకున్నాం. దూలం ఏదీ? అక్కడే ఉంది."

"ఇది అట్టాంటిది కాదయ్యా."

"నీకు ఏదీ అట్టాంటిది కాదులే."

అయినా వచ్చాడు. వంగి చూసి నూనె వాసనే అన్నాడు. అతని ముక్కుకి పడుగుకి పట్టించే గంజి తప్ప ఇంకేదీ ఆనదు.

ఆ కంపు తులసికి కొత్త కాదు. పెద్దది పావని పుట్టినప్పుడు మగ్గాల పేటంతా వచ్చి చూసి పోయారు. పాలలాంటి ఒళ్లు, తేనెరంగు జుట్టు. "మన పేటలో దొరలబిడ్డ పుట్టిందే" అన్నారు. పిల్ల పక్కలో ఎలుక వాసన వస్తుంటే తులసి మంచం కింద బోను పెట్టింది. ఏడాది పాటు అందులో కొబ్బరిముక్క మారుస్తూనే ఉంది. ఎలుక పడలేదు. పిల్లకి మాటా రాలేదు. బలం చాలలేదేమోనని పొద్దునొక గుడ్డు, మాపటికొక గుడ్డు, ముద్దపప్పు, గ్లాసుడు పాలు, బతిమాలి బతిమాలి పెట్టింది. ఆరో ఏట మూర్ఛలు మొదలయ్యాయి. పెద్దాసుపత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ ఒకావిడ పిల్లని ఎత్తుకుని, మెడ దగ్గర ఆ వాసనకి ఆగిపోయింది.

"మనం తిన్న ప్రోటీన్ అరిగితే అమైనో ఆమ్లాలవుతాయమ్మా. అందులో ఫినైల్ అలనీన్ అని ఒకటుంది. మీ పాప ఒళ్లు దాన్ని ఖర్చు పెట్టుకోలేదు. అది రక్తంలో పేరుకుని మెదడుని పాడుచేసింది. మీరు బలానికని పెట్టినవన్నీ..."

ఆ వారమే పావని పోయింది. ఎనిమిదో తరగతిలో చదువాపేసిన తులసికి ఇంగ్లీషు పేర్లు నోట పట్టవు గానీ, ఆ ఒక్క పేరు మాత్రం తడబడకుండా పలుకుతుంది.

వెన్నెల పుట్టిన మూడో రోజే మడమ గుచ్చి పరీక్ష చేశారు. అదే జబ్బు. కాకపోతే ఈసారి ముందే తెలిసింది. పప్పు లేదు, పాలు లేవు, గుడ్డు లేదు. సగ్గుబియ్యం జావ, సొరకాయ కూర, కాటాలో తూచిన గుప్పెడు అన్నం, ఆ ఒక్క ఆమ్లం తీసేసి మిగతావన్నీ కలిపిన పొడి. ఆ పొడి కంపుకి పిల్ల ముక్కు మూసుకుని తాగేది. అట్టా ఐదేళ్లు ఈడ్చుకొచ్చింది తులసి. పిల్ల గలగలా మాట్లాడేది. ముద్దలు లెక్కపెట్టుకుంటూ తినేది, ఒకటి, రెండు, మూడు, ఇరవై దాకా. ప్రతి ముద్దా ముందు తల్లి నోటికి అందాలి. ఉప్పెక్కువైందో, వేడిగా ఉందో, రాయుందో, ఇంకేముందో అని తులసి కొస కొరికి, నాలుక మీద తిప్పి చూసి, "బాగుంది" అన్నాకే మిగతాది పిల్ల నోట్లో పెట్టేది. అది అలవాటై, తల్లి "బాగుంది" అనకపోతే వెన్నెల నోరు తెరిచేది కాదు.

ఇంత కాపలాలో ఎలుక కంపు లోపలికి ఎలా వచ్చింది?

తులసి లేచి కొంగు బిగించింది. ఎలా వచ్చిందో తనకి తెలుసు. పంచలో ఉన్న అత్త రాఘవమ్మ కుండలోంచి వచ్చింది.

*

రాఘవమ్మకి పంచలో వేరే గది, వేరే పొయ్యి, వేరే నీళ్లబిందె. పావనిని సాగనంపి వచ్చిన రోజున ఆవిడ పదిమందిలో అంది, "నా మనవరాలిని గుడ్డు గుడ్డు చొప్పున చంపిన చెయ్యి ఇది. ఈ చేత్తో పెట్టింది నేను చచ్చినా తినను." ఆరేళ్లయింది. ఆ మాట మీదే ఉంది. ఊళ్లో ఏ ఇంటా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న తోడుతోనే నలభై రెండేళ్లుగా పెరుగు వేసుకుంటోంది. నిన్నటి పెరుగులో చెంచాడు ఇవాళ్టి పాలలోకి. అంతే తప్ప ఇంకో ఇంటి తోడు ఆ కుండలో పడలేదని గొప్పగా చెప్పుకుంటుంది.

మిగతా పేటంతా తోడు మార్చి నాలుగేళ్లు దాటింది. బైపాస్ రోడ్డు మీదున్న ఆహార పరిశోధన కేంద్రం వాళ్లు కనిపెట్టిన కొత్త పెరుగు అది. ఏడో నంబరు తోడు అంటారు. దాంతో తోడేసిన పెరుగు తింటే అందులోని సూక్ష్మజీవులు పేగుల్లో చేరి, తిన్న అన్నాన్నే పట్టుకుని ప్రోటీన్‌కి కావలసిన ఆమ్లాలన్నీ అక్కడికక్కడ వండి పెడతాయి. పప్పు కొనలేని ఇళ్లలో పిల్లల పుల్లల్లాంటి చేతులు ఆరు నెలల్లో గుండ్రంగా తిరిగాయి. పక్కింటి కోటమ్మ మనవడు ఉత్త మజ్జిగన్నం తిని బస్తాలు మోస్తున్నాడు. తోడు అడిగితే లేదనకూడదన్నది పేట అలవాటు కదా, గిన్నె వెంట గిన్నెగా అది పేటంతా పాకింది. రోజూ గిన్నెడు తింటేనే నిలుస్తుందని, మానేస్తే నాలుగు రోజుల్లో పొట్టలోంచి పోతుందని, భయం లేదని కేంద్రం వాళ్లు చెప్పారు.

ఆమ్లాలన్నీ అంటే ఫినైల్ అలనీన్ కూడా. అందరికీ అది బలం. వెన్నెలకి విషం.

"పోయిన శుక్రవారం కోటమ్మ నీ గదిలోంచి గ్లాసు పట్టుకుని ఎందుకొచ్చింది?" తులసి గుమ్మంలో నిలబడి అరిచింది.

రాఘవమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. "చింతపండు నీళ్లకొచ్చింది. ఏం, అది కూడా నీ కాటాలో తూచాలా?"

"నీ తోడు విరిగిపోయుంటది. కోటమ్మ దగ్గర చెంచాడు పుచ్చుకున్నావు. ఆ చేత్తోనే నా పిల్లకి ఏదో పెట్టావు. పిల్ల ఒళ్లు కంపు కొడతంది అత్తా! పావని కంపు!"

చేట ఆగింది. రాఘవమ్మ మొహంలో రంగు మారింది. మరుక్షణం అంతకన్నా గట్టిగా అందుకుంది.

"పావని పేరు నీ నోటెంట రానీకు. నా కుండలో ఊరి తోడు కలుపుతానా నేను? నువ్వే ఏదో పెట్టుంటావు. పిల్లకేమో గుప్పెడు మెతుకులు తూచి పెడతావు. నీకు మాత్రం ఒళ్లు పడతంది. అద్దంలో చూసుకో, చేతులెట్టా అయినయ్యో. పచ్చడి మెతుకులు తినేదానికి ఆ కండ ఎక్కడిదే? దాచుకుని తింటన్నావా?"

అదొక్కటి తగిలింది తులసికి. పిల్ల తినలేనిది తనూ తినకూడదని ఐదేళ్లుగా పప్పు, పాలు మానేసింది. అందుకే పడిన మాట ఒళ్లు మండించింది. గదిలోకి దూసుకుపోయి ఉట్టి మీది కుండ లాగింది. రాఘవమ్మ "ఒసే, వద్దే" అని లేచేలోపు అది గడప మీద బద్దలైంది. నలభై రెండేళ్ల పెరుగు పంచంతా చిమ్మింది.

రాఘవమ్మ తిట్టలేదు. అంత మనిషీ కింద కూలబడి, నేల మీది పెరుగు చేత్తో గోకి గిన్నెలోకి ఎత్తబోయింది. అంతా మట్టే వచ్చింది.

తులసి ఒక పెంకు తీసి పాలిథిన్ కవర్లో చుట్టింది. సాక్ష్యానికి.

*

కేంద్రంలో తులసిది తోడుపెట్టే పని. నాలుగేళ్ల కిందట వెన్నెలకి కావలసిన పొడి ఇక్కడి నుంచే వస్తుందని తెలిసి, పొడి దగ్గర ఉంటే భయం తక్కువుంటుందని ఊడ్చే పనిలో చేరింది. అప్పట్లో యంత్రంలో తోడుకున్న పెరుగు తీగలు సాగి, కొలువులో ఉన్న పెద్ద చదువుల వాళ్లందరినీ ఏడిపించేది. "పాలు మరీ వేడిగా పోస్తన్నారు మేడం" అని ఒకరోజు చీపురు పక్కన పెట్టి తులసి వేలు ముంచి చూపించింది. ఆ రోజు నుంచి అన్ని నంబర్ల తోడూ ఆవిడ చేతిమీదే. పాల వేడి వేలికి తెలిసేది. పులుపు నాలుకకి తెలిసేది. గోడ మీద "రుచి చూడరాదు" అని ఎర్రటి బోర్డు ఉంది. దాని కిందే నిలబడి చూసేది. ఎవరూ ఏమీ అనలేదు, పెరుగు బాగా కుదురుతోంది కదా.

కేంద్రం పెద్ద డాక్టర్ వైజయంతి. ఆవిడే మొదట్లో తులసికి అర్థమయ్యేలా చెప్పింది: "మీ మగ్గం మీద తొమ్మిది రంగుల పోగులతో చీర నేస్తున్నారనుకో. ఒక్క రంగు అయిపోతే ఏం చేస్తారు?"

"ఆగిపోద్ది మేడం. మిగతా ఎనిమిదీ బస్తాలున్నా ఏం లాభం?"

"ఒళ్లూ అంతే. ప్రోటీన్ నెయ్యడానికి బయటి నుంచి రావలసిన పోగులు తొమ్మిది. బియ్యంలో ఒకటి బాగా తక్కువ. పప్పు తింటే సరిపోతుంది. పప్పు లేనివాళ్లకి నేను ఆ పోగు పొట్టలోనే వడికిస్తాను."

"దూదేదీ మరి?"

"మూత్రంలో పోయే యూరియా ఉందిగా, దాన్నే కొంత వెనక్కి మళ్లిస్తాను."

"పొలానికేసే యూరియానా!" అని తులసి నోరు నొక్కుకుంటే వైజయంతి పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు ఈ మధ్య లేదు. పైవాళ్లు ఒత్తిడి పెడుతున్నారని అందరికీ తెలుసు. రోజూ తినాల్సిన పని లేకుండా ఒక్కసారి తింటే జన్మంతా నిలిచే తోడు కావాలట వాళ్లకి.

తులసి పిల్లని చంకనేసుకుని, పెంకు బల్ల మీద పెట్టింది.

"మీ ఏడో నంబరు నా ఇంట్లో దూరింది మేడం. మా అత్త కుండలో. ఇదిగో. పరీక్ష చేసి రాసివ్వండి. ఆవిడ మొహాన కొడతాను."

"ముందు పిల్ల రక్తం చూడనీ," అంది వైజయంతి విసుగ్గా. "పోయిన నెల ఆ ఆమ్లం నాలుగే ఉందిగా. ఊరికే కంగారు పడతావు నువ్వు."

వేలు గుచ్చి ఒక్క చుక్క తీసి యంత్రంలో పెట్టారు. వెన్నెల ఏడవలేదు. అదే తులసిని ఎక్కువ భయపెట్టింది. సూది చూస్తేనే పైకప్పు లేచేలా అరిచే పిల్ల, గోడ వంక చూస్తూ కూర్చుంది.

పంతొమ్మిది వచ్చింది. ఆరు దాటకూడదు.

వైజయంతి మళ్లీ చేయించింది. మళ్లీ పంతొమ్మిదే. విసుగు పోయి మొహం బిగుసుకుంది. పిల్ల నోట్లోంచి, పెంకు మీంచి నమూనాలు తీసుకుని, "రెండు రోజులు పడుతుంది. ఈలోగా అన్నం కూడా ఆపెయ్. పొడి, పళ్లరసం. అంతే," అంది.

*

ఆ రెండు రోజులూ ఇంట్లో ఎవరితో ఎవరికీ మాటల్లేవు. రాఘవమ్మ పెట్టె, పొయ్యి ఎత్తుకుని వీధికవతల మూతపడ్డ చేనేత సొసైటీ షెడ్డులోకి మారిపోయింది. సాంబశివరావు ఆపబోతే, "మీ ఆవిడ నన్ను కూడా చంపిందని రాసిపెట్టుకుని పోతా, వదులు" అంది. తోడు లేదు కాబట్టి పెరుగు లేదు. ఉత్త అన్నంలో ఉప్పు కలుపుకుని తింటోందని కోటమ్మ వచ్చి తులసికి వినబడేలా చెప్పిపోయింది.

"తిననీ," అంది తులసి. "నా బిడ్డ అన్నం కూడా లేకుండా ఉంది."

వెన్నెల పళ్లరసం గ్లాసు ముందు పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

"అమ్మా, నువ్వు చూడు."

తులసి ఒక గుక్క తాగి, "బాగుంది" అంది. పిల్ల అప్పుడు తాగింది. "ఒకటి... రెండు..." అని లెక్కపెట్టింది. పదకొండు దగ్గర ఆగి, తల్లి మొహంలోకి చూసి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

తులసి లేచి వెనక దొడ్లోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇరవై దాకా చెప్పే పిల్ల. మొన్నటికి మొన్న ఇరవై.

*

శుక్రవారం మధ్యాహ్నం వైజయంతి గది తలుపు వేసింది. కూర్చోమంది. తులసి కూర్చోలేదు.

"మీ అత్తగారి కుండ శుభ్రంగా ఉంది."

"అబద్ధం."

"అందులో ఉన్నది పాతకాలపు తోడు. ఏడు లేదు, ఇంకేదీ లేదు. నా దగ్గర కూడా అంత శుద్ధమైన తోడు లేదు."

"మరి నా పిల్లలోకి ఎట్టా వచ్చిందండీ? గాలిలో వచ్చిందా?"

"పిల్లలో ఉన్నది ఏడు కాదు తులసీ." వైజయంతి బల్ల మీది కాగితాన్ని అటూ ఇటూ జరిపింది. "నాలుగు."

తులసికి ఒక క్షణం అర్థం కాలేదు. నాలుగో నంబరు తోడు ఊళ్లోకి ఎప్పుడూ పోలేదు. ఒక్కసారి పేగుకి పట్టుకుంటే వదలదేమోనని దాన్ని ఆదిలోనే ఆపేశారు. పైవాళ్లు అడిగినప్పుడు మళ్లీ ఈ వేసవిలోనే ఫ్రిజ్‌లోంచి తీశారు. మూడు నెలల నుంచి దాని గిన్నెలు ఈ నాలుగు గోడల మధ్యే...

"నాలుగోది ఈ కేంద్రం దాటలేదు మేడం. నేనేగా తోడు పెడతన్నాను. తాళం కూడా నేనేగా వేస్తన్నాను."

వైజయంతి చివర దూది చుట్టిన పుల్ల ఒకటి తీసింది.

"నోరు తెరువు."

ఆ పుల్ల వంక చూస్తుండగానే తులసికి తెలిసిపోయింది. పరీక్ష అక్కర్లేకపోయింది. నాలుక మీద పులుపు, వేలి మీద పులుపు. పచ్చడి మెతుకులకి పడిన కండ. కొస కొరికిన ముద్దలు. రోజుకి ఇరవై చొప్పున మూడు నెలలు. ప్రతి ముద్దకీ "బాగుంది".

"రుచి చూడొద్దని బోర్డు పెట్టాం," అంది వైజయంతి. గొంతులో బలం లేదు.

"పెట్టారు. దాని కింద నేను చూస్తంటే మీరూ చూశారు." తులసి గొంతు అసలు పైకి లేవలేదు. "పోయిన నెల గిన్నె పట్టుకొచ్చి, కుదిరిందా తులసీ అని మీరే అడిగారు. నేను చప్పరించి కుదిరిందన్నాను. అప్పుడు బోర్డు గుర్తు రాలేదా?"

"నీకు జబ్బు పిల్ల ఉందని నాకు తెలుసు. తెలిసి కూడా..." వైజయంతి కాగితం మడిచింది. మళ్లీ డాక్టరు గొంతు తెచ్చుకుంది. "పిల్లది పోతుంది. చేరి ఎన్నాళ్లో కాలేదు, పలచగా ఉంది. పది రోజులు గట్టి మందు పట్టించి, వేరుగా ఉంచుతాం. కానీ ఆ తర్వాత నాలుగు గానీ ఏడు గానీ ఉన్నవాళ్ల ఎంగిలి తగలకూడదు. వాళ్లు వండింది తినకూడదు. ఒకే గదిలో పడుకోకూడదు."

"నాకూ ఆ మందు పొయ్యండి."

పోశారు. రెండుసార్లు పోశారు. పేగులు తెగేలా విరేచనాలయ్యాయి, జుట్టు ఊడింది. పదమూడో రోజున దూదిపుల్ల మీద నాలుగో నంబరు మళ్లీ కనబడింది, ఏమీ జరగనట్టు.

"నీలో అది కుదురుకుంది," అంది వైజయంతి. తర్వాత కిటికీ వైపు చూస్తూ అంది, "ఇంతవరకూ ఏ మనిషిలోనూ అది ఇలా నిలబడలేదు. నీకేం హాని చెయ్యకుండా నిలబడింది. వారానికోసారి వచ్చి రక్తం ఇవ్వు తులసీ. పైవాళ్లు అడుగుతున్నారు."

"ఇవ్వనంటే పిల్ల పొడి ఆపుతారా?"

"ఆపుతానని నేనన్నానా?"

"ఆపనని కూడా అనలేదుగా."

వైజయంతి సూది తీసింది. తులసి జాకెట్టు చెయ్యి పైకి లాగి బల్ల మీద పెట్టింది. గుండ్రంగా, బలంగా ఉన్న ఆ చేతిని చూస్తే తనకే అసహ్యం వేసింది.

*

పేటలో నాలుగూ ఏడూ లేని నోరు కోసం వెతికారు. నూట డెబ్బై ఇళ్లు. కోటమ్మకి ఏడు. అంగన్‌వాడీ టీచరుకి ఏడు. సాంబశివరావుకి రెండూ, బయట తాగిన మజ్జిగతో ఏడు, తులసి ఎంగిలితో నాలుగు. చివరికి కేంద్రం వాళ్లు సొసైటీ షెడ్డు దగ్గరికి వెళ్తే, రాఘవమ్మ పుల్లతో వచ్చినమ్మాయిని తరిమి తరిమి తిట్టి, ఆఖర్న పిల్ల కోసమని చెబితే నోరు తెరిచింది. ఆవిడ నోట్లో ఏమీ లేదు.

తులసి షెడ్డు గుమ్మం బయట నిలబడింది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. రాఘవమ్మ తల ఎత్తలేదు.

"అత్తా."

"ఇంక కుండల్లేవు ఇక్కడ. పగలగొట్టుకోడానికి."

"పిల్లకి నువ్వు వండి పెట్టాల. నువ్వే తినిపించాల. ఇంకెవరూ పనికిరారంట."

"ఆరేళ్లు నీ చెయ్యి తగిలింది ముట్టలేదని ఊరంతా నన్ను రాకాసి అన్నారు."

"అన్నారు. అందరికన్నా ముందు నేనే అన్నాను."

"ఇప్పుడేమంటావు?"

తులసి గడప వంక చూసింది. దాటలేదు. "అదే మాట మీదుండు. నా చెయ్యి తగిలింది ముట్టొద్దు. పిల్లని ముట్టనివ్వొద్దు."

రాఘవమ్మ గరిటె పక్కన పెట్టింది. కోడలి వంక చూసింది. ఆ చూపులో జాలి లేదు, కానీ తిట్టు కూడా లేదు.

"నా కుండ మాత్రం నీకు ఏడు జన్మలకీ క్షమించను."

"వద్దులే."

"నువ్వు ఆ ఇంటి గడప తొక్కావంటే కాళ్లిరగ్గొడతా."

"ఇరగ్గొట్టు."

ఆ సాయంత్రమే ఇద్దరూ ఇళ్లు మార్చుకున్నారు. రాఘవమ్మ పొయ్యి వీధి దాటి ఇంట్లోకి వెళ్లింది. తులసి చాప వీధి దాటి షెడ్డులోకి వచ్చింది. సాంబశివరావు పగలు మగ్గం గుంటలో, తిండికీ పడకకీ షెడ్డులో.

*

కేంద్రం నుంచి వెన్నెలని ఇంటికి తెచ్చిన మొదటి పొద్దున, రాఘవమ్మ పిల్ల విప్పిన గౌనుని కర్ర కొసకి తగిలించి వీధిలోకి చాచింది.

"ఇదిగో. నీ ముక్కుకి తప్ప ఇంకొకరికి తెలిసి చావదంటగా."

తులసి దాన్ని రెండు చేతులా అందుకుని మొహం దాచుకుంది. కొబ్బరినూనె. చెమట. నిద్ర. మళ్లీ పీల్చింది. తిరగేసి చంకల దగ్గర పీల్చింది. లేదు. అయినా "అమ్మయ్య" అనలేదు. రేపుంది, ఎల్లుండుంది. గౌను కేంద్రం వాళ్లిచ్చిన మందునీళ్ల బకెట్లో వేసింది.

అవతల పంచలో రాఘవమ్మ పీట వేసి పిల్లని కూర్చోబెట్టింది. కాటాలో అన్నం తూచింది. అక్షరం రాని మనిషి, ముల్లు ఎక్కడ ఆగాలో సున్నంతో గీత పెట్టుకుంది. సొరకాయ కూర కలిపి ముద్ద చేసి నోటి దగ్గర పెట్టింది.

వెన్నెల నోరు బిగించింది.

"తినవే నా తల్లే."

"అమ్మ చూడలేదు."

"అమ్మ చూసే నీకు ఈ గతి పట్టింది. తిను!"

పిల్ల మొహం తిప్పుకుంది. రాఘవమ్మ బతిమాలింది, బెదిరించింది, కాకిని చూపించింది. ముద్ద చేతిలోనే ఎండిపోతోంది. ఇవతల షెడ్డు గుమ్మంలో తులసి చేతులు నలుపుకుంటూ నిలబడింది. ఎనిమిది అడుగుల వీధి. ఆ ముద్ద తినకపోతే పొడి కూడా తాగదు. పొడి తాగకపోతే వారంలో ఒళ్లు తన కండ తనే కరిగించుకుంటుంది. అప్పుడూ రక్తంలోకి అదే విషం. వైజయంతి చెప్పింది. చెప్పకపోయినా తులసికి తెలుసు.

చివరికి రాఘవమ్మ వీధి వంక తిరిగింది. మొహం కోపంతో కందిపోయింది.

"ఏందే ఆ గుడ్లప్పగించి చూట్టం? పిల్ల నోరు తెరవట్లా. చూడు మరి. రుచి చూడు!"

తులసికి తన చెవుల మీద తనకే నమ్మకం కలగలేదు. కుడి చెయ్యి పైకెత్తింది. చేతిలో ఏమీ లేదు. ఐదు వేళ్లూ దగ్గర చేసి, లేని ముద్దని నోటి దాకా తెచ్చి, లేని కొస కొరికి, నాలుక మీద అటూ ఇటూ తిప్పింది. ఉప్పు చూసింది. వేడి చూసింది. రాయి కోసం చూసింది.

"బాగుంది," అంది.

వెన్నెల నాయనమ్మ వైపు తిరిగి నోరు తెరిచింది.

"ఒకటి."

తులసి మళ్లీ చెయ్యెత్తింది. ముద్దకొకసారి, వీధి అవతలికి కనబడేలా. పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. కోటమ్మ ఏదో అనబోయి మానేసింది. రెండు. ఐదు. తొమ్మిది. పది. పదకొండు.

పదకొండు దగ్గర పిల్ల ఆగింది. నోట్లో ముద్ద అలాగే పెట్టుకుని తల్లి వంక చూసింది, సంతలో దారి తప్పినట్టు. రాఘవమ్మ చెయ్యి కూడా గాల్లో ఆగిపోయింది.

తులసి ఉత్త చేతిని మళ్లీ నోటికి తెచ్చుకుంది. మింగింది.

"పన్నెండు," అంది, వీధి అవతలికి వినబడేలా.

పిల్ల పెదాలు కదిలాయి.

"పన్నెండు."